బస్టాపులో ఆగిన లారీలు

పొద్దున్నే అయిదింటి నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఊరంతా బస్సు నడిపి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, మళ్ళీ లారీ ఎక్కే మనిషిని చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. గేరక్కని చూసి మాత్రం ఎవరూ జాలిపడరు. ఆమె ఆ లారీ ఎక్కేది ఇష్టపడి, సొంత ఖర్చుతో, మొగుడితో పోట్లాడి మరీ.

లారీ అంటే నిజం లారీ కాదు, కంప్యూటర్లో ఆట. మొగుడు దర్జీ. ఆయన బట్టలు కత్తిరించే బల్లకి ఒక చివర గేరక్క స్టీరింగు బిగించుకుంది. బల్ల కింద మూడు పెడళ్ళు పెట్టుకుంది. వాటి పక్కనే కుట్టుమిషను తొక్కుడు పలక ఉంటుంది. ఒకసారి కొండ దిగుతూ బ్రేకనుకుని ఆ పలక తొక్కింది. తెర మీద లారీ లోయలో పడింది. మిషను మీద ఎవరిదో పాంటు కాళ్ళు రెండూ కలిసి కుట్టుకుపోయాయి. ఆ రెంటిలో పెద్ద ప్రమాదం ఏదన్న విషయం మీద మొగుడూ పెళ్ళాలకి ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.

"డ్రైవరు గారూ, ఎనిమిది గంటలు తోలింది చాల్లేదా?" అంటాడు దర్జీ, ఒళ్ళు మండినప్పుడు.

"అక్కడ వెనకాల అరవైమంది తిడుతుంటారండీ. ఇక్కడ మీరొక్కరే," అంటుంది గేరక్క.

ఈ పిచ్చి ఆమె ఒక్కదానిదే కాదు. డిపోలో ఇరవైమందికి అంటుకుంది. ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, తెర మీద ఒకే రోడ్డు మీదికి ఇరవై లారీలతో వచ్చి, బారుగా వెళ్ళేవాళ్ళు. ఆ బారుకి ముందుండేది హారన్ బాబాయ్. గేరక్కకి బస్సు నేర్పింది ఆయనే. నాలుగేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడికాలు మాట వినడం మానేసింది. లైసెన్సు పోయింది, ఉద్యోగం పోయింది. ఆటలో బ్రేకు చేత్తో వెయ్యొచ్చు గనక ఆ రోడ్డు మాత్రం మిగిలింది. డిపో వాళ్ళని ఆయన ఇంకా తిట్టగలిగే చోటు అదొక్కటే.

వీళ్ళ బారుకి ఒక అలవాటుంది. ఆట చేసినవాళ్ళు రోడ్డు పక్కన అందానికని బస్టాపులు పెట్టారు. పసుపు బోర్డు, దాని మీద బస్సు బొమ్మ. లారీలకి దాంతో ఏం పని? కానీ బస్సు నడిపే మనిషికి ఆ బోర్డు కనిపిస్తే కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. ఇరవై లారీలూ వరసగా స్టాపులో ఆగేవి. కండక్టరు ఒకావిడ ఉంది, ఎవరికీ చిల్లర తిరిగివ్వదని చిల్లర వదిన అంటారు. ఆవిడ ఫోన్లో "రైట్ రైట్" అంటే గానీ కదిలేవి కావు. వెనకొచ్చే ముక్కూ మొహం తెలియని లారీలవాళ్ళు హారన్లు కొట్టి చచ్చేవాళ్ళు. వీళ్ళకది చెవికెక్కేది కాదు. వృత్తిరీత్యా.

ఇలా సుఖంగా నడుస్తుండగా ఆటకి రెండో భాగం వచ్చింది. మొదటి భాగంలోని రోడ్డు మూసేశారు. అందరూ కొత్తది తెచ్చుకోక తప్పదు. తెచ్చుకోడానికి రెండు కొట్లున్నాయి.

ఈ కొట్లకి గోడలూ షట్టర్లూ ఉండవు. కంప్యూటర్లోనే ఆట ఎంచుకుని, కంప్యూటర్లోనే డబ్బు కడితే, ఆట తీగల వెంట ఇంటికొస్తుంది. డిపో వాళ్ళు ఒకదాన్ని పాతకొట్టు అంటారు. ఏళ్ళ తరబడి ఆ వీధికి అదొక్కటే కొట్టు. అది చెప్పిందే ధర, అది పెట్టిందే వరస. తర్వాత కొత్తకొట్టు వచ్చింది. రెండో కొట్టు తెరిస్తే మొదటి కొట్టువాడికి నవ్వడం వస్తుందని పెద్దలు ఊరికే అనలేదు. పాతకొట్టు ధరలు దిగాయి, నచ్చని ఆట వెనక్కి తీసుకోవడం మొదలైంది. కొత్తకొట్టైతే జనాన్ని లాక్కోడానికి ఏకంగా ఆటలే ఊరికే పంచింది. ఇంతవరకూ బాగానే ఉంది. కొనేవాడికి నాలుగు గుమ్మాలుండటం ఎప్పుడూ మంచిదే.

రెండో భాగం వచ్చిన సాయంత్రమే గేరక్క ఆగలేక పాతకొట్టులో పూర్తి ధర పెట్టి కొనేసింది. ఇంకో పదిమంది తొందరగాళ్ళు ఆమె వెనకే కొన్నారు. నాలుగు రోజులు తిరక్కుండానే కొత్తకొట్టు ఒక ప్రకటన వేసింది: అదే ఆట, శనివారం దాకా, అక్షరాలా ఉచితం.

గేరక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. "నాలుగు రోజులు ఆగుంటే ఊరికే వచ్చేదే!" అని డిపో విశ్రాంతి గదిలో ఇనప బీరువా తలుపు రెండుసార్లు వేసింది.

"ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే రకానివి, నీకు రాసిపెట్టి లేదు," అంది చిల్లర వదిన. ఆవిడా తొందరపడి కొన్నదే, కానీ ఎదుటివాళ్ళ నష్టంలో ఆవిడకో ఊరట.

తన డబ్బు పోయిన కసి గేరక్క మంచిపనిగా మార్చుకుంది. ఇంకా కొననివాళ్ళు తొమ్మిదిమంది మిగిలారు. వాళ్ళలో ఎనిమిదిమందిని విశ్రాంతి గదిలో బెంచీ మీద వరసగా కూర్చోబెట్టి, ఒక్కొక్కరి ఫోనూ లాక్కుని, కొత్తకొట్టులో ఖాతా తెరిచి, ఆట ఇప్పించింది. తొమ్మిదో మనిషి బాబాయ్ కోసం వాళ్ళింటికే వెళ్ళింది.

"కొట్టు మారితే ఏం కాదు కదే?" అన్నాడాయన అనుమానంగా.

"ఏ కొట్లో కొన్నా ఉప్పు ఉప్పే బాబాయ్."

"నువ్వూ ఒకటి తీసుకోకపోయావా, ఊరికే కదా?"

"ఉన్నదాన్నే మళ్ళీ ఏం చేసుకోను?"

ఇరవై రెండేళ్ళ సర్వీసులో చెయ్యని తప్పు ఆ ఒక్క మాటలో చేసింది. శనివారం గడిచింది. ఉచితం అయిపోయింది. ఆదివారం నాలుగింటికి ఫోను మోగింది.

"ఎక్కడున్నావే?" బాబాయ్.

"ఇరుకు వంతెన మీద, బాబాయ్."

"నేనూ ఇరుకు వంతెన మీదే. కనపడవేం?"

"నీలం లారీ. తెల్ల గీతలు."

"నీలం లేదు, ఎరుపు లేదు. కాకి కూడా లేదు. నువ్వు తప్పు వంతెన ఎక్కావు."

"పక్కన విరిగిన స్తంభం ఉందా?"

"ఉంది."

"దాని మీద కొంగ?"

"ఉంది. నా వంకే చూస్తోంది."

"నా వంక కూడా చూస్తోంది బాబాయ్!"

అరగంట సేపు ఒకే వంతెన మీద, ఒకే కొంగ ముందు, ఇద్దరూ ఒకరినొకరు వెతుక్కున్నారు. దర్జీ కత్తెర పక్కన పెట్టి ఈ సంభాషణంతా విని, "వైద్యుణ్ణి పిలవమంటారా?" అని అడిగాడు. చివరికి అసలు సంగతి చిల్లర వదిన కనిపెట్టింది. పాతకొట్టులో కొన్నవాళ్ళకి పాతకొట్టు రోడ్డు. కొత్తకొట్టులో తీసుకున్నవాళ్ళకి కొత్తకొట్టు రోడ్డు. వంతెన ఒకలాంటిదే, కొంగ ఒకలాంటిదే, కానీ ఆ రోడ్డు మనిషి ఈ రోడ్డుకి కనపడడు. ఇటు పదకొండుమంది, అటు తొమ్మిదిమంది. బారు రెండు ముక్కలైంది. రెండు ముక్కలు చేసింది గేరక్క.

బాబాయ్ మూడు ఆదివారాలు అటు రోడ్డు మీద చూశాడు. ఆయన వెనకొచ్చే ఎనిమిదిమందీ నెమ్మదస్తులు, తిట్టినా ఎదురు మాట్లాడరు. తిట్టడంలో రుచి పోయింది. నాలుగో ఆదివారం కంప్యూటరు మీద తువ్వాలు కప్పేశాడు.

ఆ మర్నాడే పిన్ని, అంటే బాబాయ్ భార్య, డిపో గేటు దగ్గరికొచ్చి గేరక్కని పట్టుకుంది.

"ఏం చేశావే తల్లీ ఆయన్ని? వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. గరిట ఎడమకి తిప్పుతున్నావు, కుడికి తిప్పు అంటాడు. గుమ్మం దాటుతుంటే ఇండికేటరు వెయ్యలేదంటాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఇన్ని తిట్లు తినలేదు. వాటిని డిపోలో మీరే తినేవాళ్ళని ఇప్పుడు తెలుస్తోంది. ఆయన్ని మళ్ళీ రోడ్డెక్కించు. నీకు పుణ్యముంటుంది."

నవ్వుతూ మొదలుపెట్టిన పిన్ని చివర్లో గొంతు తగ్గించింది. "కిటికీ దగ్గర కూడా కూర్చోవట్లేదే. బస్సులు పోతుంటే చూసేవాడు."

గేరక్క ఆ సాయంత్రమే బాబాయ్ దగ్గరికి పరిగెత్తింది. "పాతకొట్టులో నీకు నేను కొనిస్తా బాబాయ్. తప్పు నాది."

"ఒక ప్రయాణానికి రెండు టికెట్లా?" బాబాయ్ ఇంతెత్తున లేచాడు, కూర్చునే. "ఏ కండక్టరైనా అలా కొడితే మనం ఊరుకున్నామా? నాకు కొనిస్తావు సరే, మిగతా ఎనిమిదిమందికో? ఊరి జనానికో? నా దగ్గర టికెట్టుంది. రోడ్డు వాళ్ళు చూపించాలి."

ఇక గేరక్క కౌంటర్లు తిరగడం మొదలుపెట్టింది. కంప్యూటర్లోనే అయినా కౌంటరు కౌంటరే. పాతకొట్టు సహాయకుడు "మీ ఇబ్బందికి చింతిస్తున్నాం, పక్క కొట్టు ఖాతాదారులతో మాకు సంబంధం లేదు" అని రాశాడు. కొత్తకొట్టు సహాయకురాలు "మా తలుపులు ఎప్పుడూ తెరిచే ఉన్నాయి, పాతకొట్టునే అడగండి" అంది. ఆట తయారుచేసిన వాళ్ళు ఆరుగురు మనుషుల చిన్న కంపెనీ. వాళ్ళొక్కరే మనుషుల్లా జవాబిచ్చారు: "అమ్మా, రెండు రోడ్లూ కలిపే పని మేం ఎప్పుడో చేసి పెట్టుకున్నాం. ఒక మీట నొక్కితే చాలు. పాతకొట్టు అనుమతివ్వాలి. ఆర్నెల్లుగా ఉత్తరాలు రాస్తున్నాం. జవాబు లేదు. వాళ్ళని కాదని మేం బతకలేం, మా సరుకులో ముప్పాతిక అమ్మేది వాళ్ళే."

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. సరుకు మంచిదని పోటీ పడొచ్చు, ధర తక్కువని పోటీ పడొచ్చు. దాన్ని వ్యాపారం అంటారు. నా కొట్లో కొన్నవాడు నీ కొట్లో కొన్నవాడితో కలవకూడదని మధ్యలో కంచె వేస్తే మాత్రం అది పోటీ కాదు. మనుషుల స్నేహాన్ని తాడు చేసి వాళ్ళనే గుంజకి కట్టెయ్యడం. స్నేహితులు ఇటున్నారు గనక ఇటే కొంటారు, ఇటే ఉంటారు అని పాతకొట్టు లెక్క. కొత్తకొట్టు కూడా ధర్మాత్మురాలేం కాదు. ముప్పాతిక మంది తన వైపుంటే అదీ ఇదే పాట పాడేది.

ఇలా ఉండగా పాతకొట్టు వార్షికోత్సవం వచ్చింది. ఆదివారం నాలుగింటికి లారీ ఆటలో పెద్ద ఊరేగింపు. మూడు వందల లారీలు. యాంకరు వ్యాఖ్యానంతో ప్రత్యక్ష ప్రసారం. గేరక్కకీ ఆమె జట్టుకీ ప్రత్యేక ఆహ్వానం అందింది: "తొమ్మిదేళ్ళుగా మాతోనే ఉన్న నమ్మకమైన ఖాతాదారులకి మొదటి వరస." కింద నిబంధనల పట్టీ. మూడోది: ముందున్న బండిని దాటరాదు. ఏడోది: దారిలోని రోడ్డు గుర్తులన్నిటినీ గౌరవించాలి.

గేరక్క ఆ పట్టీ ప్రింటు తీయించి బాబాయ్ ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. అప్పటిదాకా వంటింటి వైపున్న కుర్చీ ఇటు తిప్పాడు.

"జీతాల గొడవ గుర్తుందా?" అన్నాడు.

ఎందుకుండదు? ఇరవై ఏళ్ళ కిందట, గేరక్క ఉద్యోగంలో చేరిన కొత్తలో, బాబాయ్ డిపో మొత్తం చేత రూలు ప్రకారం పని చేయించాడు. బస్సులు ఆపలేదు. నినాదం ఇవ్వలేదు. ప్రతి బస్సూ సరిగ్గా నలభై వేగంతో, ప్రతి స్టాపులో, ప్రతి ముసలమ్మా కూర్చునేదాకా ఆగి, తలుపు పూర్తిగా మూసుకున్నాకే కదిలింది. మధ్యాహ్నానికి ఊరు ఊరంతా స్తంభించిపోయింది. రూలు మీరినవాడు ఒక్కడు లేడు. ఎవడికి మెమో ఇస్తారు?

"బస్సు బొమ్మ బోర్డు కూడా రోడ్డు గుర్తే కదే?" అన్నాడు బాబాయ్, అమాయకంగా.

"గుర్తే బాబాయ్."

"ఇరుకు వంతెన మొదట్లో ఒకటుంది."

"ఉంది."

"బస్సు పట్టే స్టాపులో లారీ ఆగితే తోక?"

"రోడ్డు మీదుంటుంది," అంది గేరక్క. ఇద్దరూ పట్టీ వంక భక్తిగా చూసి నవ్వారు. లోపల్నుంచి పిన్ని, "ఏంటా నవ్వు?" అని కేకేసింది.

ఆదివారం వచ్చింది. దర్జీ ముందు జాగ్రత్తగా కుట్టుమిషను గోడ వైపుకి జరిపేశాడు. నాలుగింటికి ఊరేగింపు కదిలింది. ముందు గేరక్క నీలం లారీ, వెనక డిపో వాళ్ళు పదిమంది, ఆ వెనక దాదాపు మూడు వందలు. యాంకరు కుర్రది మహా హుషారుగా మాట్లాడుతోంది. ఆటలో లారీ నుదుటి మీద పేరు రాసుకునే పలక ఉంటుంది. అందరూ తమ తమ పేర్లు రాసుకున్నారు. గేరక్క పలక మీద మాత్రం "ఇంకా 9 మంది ఎక్కాలి" అని ఉంది.

ఇరుకు వంతెన వచ్చింది. పసుపు బోర్డు వచ్చింది. గేరక్క ఎడమ ఇండికేటరు వేసి, అద్దం చూసి, పద్ధతిగా స్టాపులో ఆగింది. తోక రోడ్డు మీద మిగిలింది. వెనక పదకొండో లారీ దాకా అలాగే ఆగాయి.

"అయ్యో, ముందున్న మేడమ్‌కి ఏమైనా ఇబ్బందా?" అంది యాంకరు. మైకు గేరక్కకి ఇచ్చారు.

"ఏం లేదమ్మా. స్టాపొచ్చింది. ఆగాం."

"ఇది లారీ కదండీ!"

"ఏడో నిబంధనలో లారీకి వేరు అని లేదమ్మా. మావాళ్ళు తొమ్మిదిమంది ఎక్కాలి. ఎక్కగానే పోతాం."

"వాళ్ళెక్కడున్నారండీ?"

"ఇక్కడే, ఈ వంతెన మీదే. పక్క కొట్లో తీసుకున్నారని మీ రోడ్డు మీద కనపడట్లేదు. మీవాళ్ళు గేటు తీస్తే కనపడతారు. మాకు డ్రైవింగ్ నేర్పిన పెద్దాయన కూడా ఉన్నాడు వాళ్ళలో. పెద్దాయన్ని వదిలేసి బండి ఎలా తియ్యను, నువ్వే చెప్పు?"

వెనకాల హారన్లు మొదలయ్యాయి. తెర పక్కన తిట్లు వరసగా వచ్చాయి. దాటిపోదామంటే మూడో నిబంధన. గేరక్కకి చీమ కుట్టినట్టైనా లేదు. బస్సులో ఇంతకన్నా ఘాటైనవి రోజూ వింటుంది. ఎవరో, "ఏం కావాలి వీళ్ళకి?" అని రాశారు. చిల్లర వదిన ఓపిగ్గా జవాబు రాసింది. ఆవిడ ఓపిగ్గా ఏదైనా చెయ్యడం అదే మొదటిసారి. కాసేపటికి తిట్ల మధ్యలో ఒకటి వేరేగా వచ్చింది: "మా తమ్ముడు కూడా అటే ఉన్నాడు." ఆ కింద ఇంకోటి: "మా ఆఫీసు వాళ్ళు నలుగురు." ఆ తర్వాత చదవలేనంత వేగంగా వచ్చాయి. నుదుటి పలకలు మారసాగాయి. ఇంకా ఒకరు ఎక్కాలి. ఇంకా అయిదుగురు ఎక్కాలి.

ఇరవై నిమిషాలకి పాతకొట్టు గేరక్కని బయటికి నెట్టేసింది. నీలం లారీ మాయమైంది. చిల్లర వదిన ముందుకొచ్చి అదే స్టాపులో ఆగింది. ఆవిడనీ నెట్టేశారు. మూడో లారీ వచ్చింది. అలా పదకొండూ పోయాయి. యాంకరు గొంతులో ప్రాణం లేచొచ్చింది. "హమ్మయ్య, ఇక ఊరేగింపు..." అంటుండగా, పన్నెండో లారీ, డిపోలో ఎవరికీ తెలియని మనిషిది, ఎడమ ఇండికేటరు వేసింది.

ప్రసారం ఆగిపోయింది. "సాంకేతిక కారణాలు" అని తెర మీద పడింది.

మర్నాడు గేరక్కకి పాతకొట్టు నుంచి నోటీసు వచ్చింది: రాకపోకలకి అంతరాయం కలిగించినందుకు ఏడు రోజులు ప్రవేశం నిషేధం. ఆమె దాన్ని డిపో నోటీసు బోర్డు మీద, డ్యూటీ చార్టు పక్కన అంటించింది.

"ఇరవై రెండేళ్ళలో బస్సు మీద ఒక్క మెమో లేదు," అంది చిల్లర వదినతో. "ఆడుకుంటుంటే వచ్చింది."

"మరి ఏ నిబంధన మీరామని రాయలేదేం?" అంది వదిన.

"దొరకలేదేమో."

మూడు వారాల తర్వాత పాతకొట్టు పెద్ద ప్రకటన చేసింది: ఖాతాదారుల సౌకర్యాన్ని ఎప్పుడూ దృష్టిలో పెట్టుకునే తాము ఇకపై లారీ ఆటలో రెండు రోడ్లూ కలుపుతున్నామని. అదే రోజు కొత్తకొట్టు ఇంకో ప్రకటన చేసింది: ఇది తమ విజయమని. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. రెండు ప్రకటనల్లోనూ బస్టాపు మాట లేదు. ఆరుగురి కంపెనీ మాత్రం ఏమీ ప్రకటించలేదు. ఆట రోడ్డు మీద ఇరుకు వంతెన దగ్గర బస్టాపుకి చిన్న రేకుల పందిరి వేసి, కింద ఒక బెంచీ పెట్టారు. తొమ్మిదిమంది పట్టే బెంచీ.

ఆ ఆదివారం నాలుగింటికి అయిదు నిమిషాల ముందే గేరక్క వంతెన మీదికి చేరింది. కొంగ దాని చోటులో అది ఉంది. రోడ్డు ఖాళీగా ఉంది. ఆమె రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టుకుని కూర్చుంది.

వంతెన అవతల మలుపులో ఒక పాత ఆకుపచ్చ లారీ కనిపించింది. నెమ్మదిగా వచ్చి, ఆమె లారీకి జానెడు దూరంలో ఆగి, చెవులు చిల్లులు పడేలా హారన్ కొట్టింది.

"పట్టపగలు హెడ్‌లైట్లేంటే? బ్యాటరీ నీ బాబు కొనిస్తాడా?" అన్నాడు బాబాయ్ ఫోన్లో. "స్టాపుకి అంత దూరంలో ఆపావేం? ముసలమ్మ ఎలా ఎక్కుతుంది? ఇదేనా నేను నేర్పింది?"

గేరక్క లైట్లు ఆర్పింది. లారీని స్టాపులోకి దగ్గరగా జరిపింది. వెనక ఒక్కొక్కటే మిగతా లారీలు వచ్చి చేరాయి. ఫోన్లో వెనకాలెక్కడో పిన్ని గొంతు వినిపించింది: "తలుపు వేసుకుని తిట్టుకోండి, నేను వండుకోవాలి."

"రైట్ రైట్," అంది చిల్లర వదిన.

"ఆగవే," అన్నాడు బాబాయ్. "లెక్కపెట్టనీ. పద్దెనిమిది... పంతొమ్మిది... ఆ చివరాయన ఇంకా రాలేదు."